జూన్ నుంచి ఆగస్టు దాకా ఏ దేశం పండగకి వెళ్ళాలి? ముందు తాడు ఎటు ఉందో చూసుకోండి

విదేశీ పండగ చూద్దామని బయల్దేరేవాళ్ళలో చాలామంది పేరు చూసి టికెట్ కొంటారు. తీరా అక్కడికి వెళ్ళాక బారికేడ్ వెనక నిలబడి, ముందున్నాయన ఎత్తి పట్టుకున్న ఫోన్‌లో ఊరేగింపు చూసి తిరిగొస్తారు. అలా కాకూడదంటే డబ్బు కట్టకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. అది ఇంట్లో చేసుకునే పండగా, వీధంతా కలిసి చేసే పండగా, గ్యాలరీలో కూర్చోబెట్టి చూపించే పండగా? ఇంటి పండగకి పిలిచేవాళ్ళు ఉండాలి. వీధి పండగకి కాళ్ళలో సత్తువ ఉండాలి. గ్యాలరీ పండగకి డబ్బుంటే సరిపోతుంది, కాకపోతే జనాన్ని ఆపే తాడుకి ఇవతలే ఉంటారు.

జూన్ మూడో వారం నుంచి ఆగస్టు సగం దాకా వచ్చే కొన్ని పెద్ద పండగల్ని ఈ లెక్కన పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటే ఒక చిక్కుంది. మన బళ్ళు జూన్ రెండో వారంలో తెరిచేస్తారు, ఈ పండగలు మొదలయ్యేది ఆ తర్వాతే. హైదరాబాదులోనో విజయవాడలోనో బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళు సెలవు చీటీ రాయక తప్పదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఆ బాధ లేదు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు పోయిన దంపతులకైతే అసలు ఏ అడ్డూ లేదు.

స్వీడన్ మిడ్‌సమ్మర్

ఉత్తరాది దేశాల్లో పగలు పెరిగి పెరిగి జూన్ 21 ప్రాంతంలో ఆగుతుంది. క్రిస్మస్‌ తర్వాత స్వీడన్‌వాళ్ళకి అంత ముఖ్యమైన పండగ ఇదే. 1953 నుంచి జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారమే చేసుకుంటున్నారు కాబట్టి శనాదివారాలు కలిసొస్తాయి. పొద్దున్నే అందరూ ఆకులూ పూలూ కోసుకొచ్చి పొడవాటి కొయ్య స్తంభానికి చుడతారు. దాన్ని నిలబెట్టి చుట్టూ ఆడతారు. ఆ ఆటల్లో ఒకటి కప్పల ఆట. ఆఫీసర్లూ, తాతలూ, మూడేళ్ళ పిల్లలూ ఒకే వరసలో కప్పల్లా గెంతుతారు, ఎవరికీ సిగ్గుండదు. మీరు వెళ్ళి చెయ్యి చాపితే పక్కవాళ్ళు జరిగి చోటిస్తారు. చిన్నపిల్లలున్న వాళ్ళు ఈ మొత్తంలో ఒక్కటే ఎంచుకోవాలంటే నేను దీన్నే చెబుతాను.

భోజనంలో ఊరబెట్టిన హెర్రింగ్ చేప, సోయకూర వేసి ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, సోర్ క్రీమ్, చివర్లో స్ట్రాబెర్రీలు. చేప పక్కన పెట్టేస్తే శాకాహారులకీ కడుపు నిండుతుంది. పెళ్ళికాని అమ్మాయిలు ఆ రాత్రి ఏడు రకాల పూలు కోసి తలగడ కింద పెట్టుకుంటే కాబోయేవాడు కల్లో కనబడతాడంటారు. స్టాక్‌హోమ్‌లో ఆ రాత్రి పొద్దు పది దాటాక గాని గుంకదు, మూడున్నరకల్లా మళ్ళీ తెల్లారుతుంది. కలలకి దొరికే సమయం అంతే.

ఇక్కడే జాగ్రత్తపడాల్సిన సంగతొకటుంది. ఇది అచ్చంగా ఇంటి పండగ. ఆ శుక్రవారం స్టాక్‌హోమ్ ఖాళీ అవుతుంది, జనమంతా పల్లెల్లోని వేసవి ఇళ్ళకి వెళ్ళిపోతారు. చాలా దుకాణాలూ హోటళ్ళూ మూసేస్తారు. ప్రభుత్వ మద్యం షాపులు కూడా మూతే, అందుకే ముందురోజు వాటి ముందు క్యూలు చూడాలి. తెలిసినవాళ్ళు లేకుండా హోటల్ గది తీసుకుని దిగితే మీకు కనబడేది నిర్మానుష్యమైన వీధులే. స్నేహితులో చుట్టాలో అక్కడ ఉద్యోగం చేస్తుంటే సరే. ఎవరూ లేకపోతే 1891లో మొదలైన స్కాన్సెన్ ఆరుబయలు మ్యూజియంకి టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చు, స్టాక్‌హోమ్‌లో స్తంభం లేచే చోటుల్లో అదొకటి. ఇంకాస్త ఓపికుంటే దలార్నా ప్రాంతంలో సిల్యాన్ సరస్సు పక్కన లెక్‌సాండ్ ఊరికి వెళ్ళండి. అక్కడ వేలమంది చూస్తుండగా ఊరివాళ్ళు పంగల కర్రలతో స్తంభాన్ని కొంచెం కొంచెంగా ఎత్తుతారు, ఎత్తిన ప్రతిసారీ జనం కేకలు పెడతారు. గొడుగు మాత్రం మరిచిపోవద్దు. మిడ్‌సమ్మర్‌కి వాన పడకపోతే స్వీడన్‌వాళ్ళకే వింత.

పిలిచేవాళ్ళు లేని వాళ్ళకి స్వీడన్ కన్నా లాట్వియా నయమని నా అభిప్రాయం. జూన్ 22న రీగా నగరంలో పెద్ద చర్చి చౌరస్తాలో ఆకుల సంత పెడతారు. ఓక్ ఆకుల దండలు, పూల కిరీటాలు, సీమ జీలకర్ర వేసిన జున్ను అన్నీ అక్కడే దొరుకుతాయి. 23 రాత్రంతా మంట చుట్టూ జాగారం. ఆ కిరీటం కొని నెత్తిన పెట్టుకుంటే చాలు, మీరు కూడా పండగలో ఉన్నట్టే.

ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువాళ్ళకి స్టోన్‌హెంజ్ అనే పాతకాలపు రాళ్ళ వలయం చవకలో అయిపోతుంది. ఏడాదంతా తాడు అవతల నుంచి చూపించే ఆ రాళ్ళ మధ్యకి జూన్‌లో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజుకి ముందు రాత్రి ఊరికే పోనిస్తారు, పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. సూర్యోదయం ఐదుకి ముందే. మద్యం తీసుకెళ్ళనివ్వరు, పెద్ద సంచులు కుదరవు, రాళ్ళెక్కకూడదు. ఆకాశం మబ్బు పట్టి ఉంటే ఎవరో డ్రమ్ము వాయించి తెల్లారిందని చెప్పాల్సిందే. ఒక రాత్రి సరదాకి బాగుంటుంది గానీ దీనికోసం ఇండియా నుంచి విమానమెక్కడం దండగ.

కుస్కో ఇంతి రాయ్మి

పెరూలో కుస్కో నగరంలో జూన్ 24న జరిగే ఈ సూర్యుడి పండగని వేసవి పండగల జాబితాల్లో వేస్తుంటారు. అక్కడ అది నడి చలికాలం. భూమధ్యరేఖకి దక్షిణాన జూన్‌లో పగలు బాగా కురచ, ఆ వెళ్ళిపోతున్న సూర్యుణ్ణి వెనక్కి రమ్మని ‘ఇంకా’ అనే జాతి చక్రవర్తులు పూజ చేసేవాళ్ళు. రాత్రిపూట చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. స్వెట్టర్ లేకుండా పోయిన వాళ్ళ అవస్థ చెప్పనక్కర్లేదు.

స్పెయిన్‌వాళ్ళు 16వ శతాబ్దంలో ఈ పండగని నిషేధించారు. ఇప్పుడు మనం చూసేది 1944లో మళ్ళీ కట్టిన రూపం. ఇంకా జాతి తల్లికీ స్పెయిన్ తండ్రికీ కుస్కోలో పుట్టిన గార్సిలాసో రాసిపెట్టిన వర్ణనల్ని ఆధారం చేసుకుని ఫౌస్తినో ఎస్పినోసా నవార్రో దాన్ని కెచువా భాషలో నాటకంగా మలిచాడు. చక్రవర్తి వేషం కూడా ఆయనే కట్టాడు. కాబట్టి ఇది గ్యాలరీ పండగ. అందుకు చిన్నచూపు అక్కర్లేదు. వందలమంది నటులు, పల్లకీలో చక్రవర్తి, కొన్నైతే వంద టన్నులు దాటే రాళ్ళతో కట్టిన సాక్సైవమాన్ కోట గోడల ముందు జరిగే ఆ ప్రదర్శన చూడదగ్గదే. లామాని బలిచ్చే ఘట్టం ఉత్త అభినయం, పిల్లలు బెంబేలు పడనక్కర్లేదు.

ఖర్చు దగ్గరికొస్తే, ఆ రోజు మూడు చోట్ల జరుగుతుంది. పొద్దున్న కొరికాంచ సూర్యాలయం దగ్గర, తర్వాత నగరం నడిబొడ్డున ప్లాసా దె ఆర్మాస్‌లో. ఈ రెండూ ఉచితం, తొందరగా వెళ్ళి నిలబడితే చాలు. మధ్యాహ్నం కోట దగ్గర గ్యాలరీకి మాత్రం టికెట్ ఉంది, అదీ గట్టిగానే. కుస్కోవాళ్ళు చాలామంది టికెట్ కొనరు. ఎదురుగా ఉన్న గుట్ట మీద దుప్పటి పరుచుకుని తినుబండారాలతో కూర్చుంటారు. మాటలు వినబడవు, బొమ్మ చిన్నది, సందడి మాత్రం అక్కడే ఎక్కువ. నన్నడిగితే జూన్ 24 కన్నా దానికి ముందు వారం రోజులు మేలు. బళ్ళూ, కాలేజీలూ, ఆఫీసులవాళ్ళూ రోజూ అదే కూడలిలో వేషాలు కట్టి నాట్యాలు చేస్తారు. పిల్ల ఆడుతుంటే తల్లి పక్కనే పరిగెడుతూ కిరీటం సర్దుతూ ఉంటుంది. దానికి టికెట్ లేదు.

కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. దిగిన రోజే మెట్లెక్కితే తలనొప్పి, ఆయాసం, వాంతులు. గుండె జబ్బో బీపీయో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా టికెట్ కొనొద్దు. విమానాశ్రయం నుంచి నేరుగా కిందనున్న ఉరుబాంబా లోయకి దిగి, రెండు రాత్రులు అక్కడుండి తర్వాత నగరానికి రావడం తెలివైన పని. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఈ ఒక్క కారణంతోనే నేను కుస్కోని పక్కన పెడతాను.

క్యోటో గియోన్

ఈ మొత్తంలో మన తెలుగువాళ్ళకి పరాయిగా అనిపించని పండగ ఇది. క్రీ.శ. 869లో జపాన్‌లో మహమ్మారి ప్రబలితే, శాంతి కోసం దేశంలోని రాష్ట్రాల లెక్కన 66 బల్లేలు నిలబెట్టి పూజ చేశారు. అదే పెరిగి యాసకా గుడి పండగైంది. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో పల్టన్‌తో ఉన్న సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకుని, తిరిగొచ్చి సికింద్రాబాదులో అమ్మవారిని నిలబెట్టిన కథ మనకి తెలిసిందే. లష్కర్ బోనాలకీ గియోన్‌కీ పుట్టుక ఒకటే, రోగభయం. రెండూ ఇంచుమించు జూలైలోనే వస్తాయి. వానలతో పాటు జబ్బులొచ్చే కాలం మరి. అంతకన్నా వింత, ఈ పండగలో ఊరేగించే రథాల చుట్టూ వేలాడదీసే పాత తివాచీల్లో కొన్ని మన దక్కనులో నేసినవని పరిశోధకులు చెబుతారు. డచ్చి వర్తకుల ఓడల మీద జపాన్ చేరాయి.

పండగ జూలై నెలంతా. రథాలు రెండు విడతలుగా బయల్దేరతాయి. 17న 23, 24న 11. అందరూ 17కే ఎగబడతారు. పెద్ద రథాలు పది టన్నులకి పైమాటే, ఎత్తు పాతిక మీటర్ల దాకా ఉంటుంది. మేకు లేకుండా గడ్డి తాళ్ళతో కట్టి, పండగవగానే విప్పేస్తారు. చక్రాలు పక్కకి తిరగవు. కాబట్టి మూల మలుపు దగ్గర చీల్చిన వెదురు బద్దలు చక్రాల కింద పరిచి, బకెట్లతో నీళ్ళు పోస్తారు. ముందు నిలబడ్డ ఇద్దరు విసనకర్ర దించగానే తాళ్ళు పట్టుకున్నవాళ్ళంతా ఒక్క ఊపున పక్కకి లాగుతారు. రథం కిర్రుమంటూ ఒక వాటం జారుతుంది, పైన కూర్చున్న వాయిద్యాలవాళ్ళతో సహా. మళ్ళీ బద్దలు సర్దుతారు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ లాగుడు. మూడు నాలుగు ఊపుల్లో రథం తొంభై డిగ్రీలు తిరుగుతుంది. షిజో, కవరమాచి వీధులు కలిసే మూల దీనికి ప్రసిద్ధి. అక్కడ తెల్లారకముందే చోటు పట్టాలి, ఆ ఎండలో గంటలకొద్దీ నిలబడాలి. క్యోటో జూలై ఉక్కపోత విజయవాడకి తీసిపోదు.

పెద్దవాళ్ళు వెంట ఉంటే నగరపాలక భవనం ఎదుట డబ్బిచ్చి కొనే కుర్చీలున్నాయి. ఒప్పుకుంటాను, అది గ్యాలరీయే. కానీ ఈ పండగలో తాడుకి అవతలకి వెళ్ళే దారి ఒకటుంది, చాలామందికి తెలియదు. 12న, 13న కొత్తగా కట్టిన రథాల్ని సరిచూడ్డానికి వీధిలో కొంచెం దూరం లాగుతారు. ఆ తాడు ఎవరైనా పట్టుకోవచ్చు, టికెట్ లేదు, పేరు రాయించుకోనక్కర్లేదు. పట్టుకుంటే ఆ ఏడాది జబ్బు చెయ్యదని నమ్మకం. మధ్యాహ్నానికల్లా వెళ్ళి వరసలో నిలబడితే సరి. 17 కోసం హోటల్‌కి రెట్టింపు పోసే బదులు 11న దిగి 14, 15 దాకా ఉండడం నాకు నచ్చే ప్లాను. 10న మొదలయ్యే రథాల కట్టుబడి ఇంకా సాగుతుంటే చూడొచ్చు, 12న తాడు లాగొచ్చు, 14 సాయంత్రం నుంచి దీపాల వరసల కింద తిరగొచ్చు. పాత వర్తకుల ఇళ్ళవాళ్ళు కిటికీలు తీసి వాళ్ళ తాతలనాటి బొమ్మల తెరలు వీధికి కనబడేలా పెడతారు. 15, 16 సాయంత్రాలు షిజో వీధి మీద వాహనాల్ని ఆపేస్తారు, అప్పుడు మాత్రం ఖైరతాబాద్ నిమజ్జనం జనమే.

భక్తిగా చూడాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. రథాలు దారి శుద్ధి చేసేవే. అసలు దేవుళ్ళు 17 సాయంత్రం మూడు పల్లకీల్లో యాసకా గుడి మెట్ల దగ్గర నుంచి బయల్దేరతారు. మోసేవాళ్ళు కేకలేస్తూ పల్లకీల్ని పైకెగరేస్తుంటారు. పొద్దున రథాలు చూసిన టూరిస్టులు అప్పటికి హోటళ్ళకి చేరుకుని ఏసీలో పడుకుంటారు. చెయ్యాల్సింది దానికి తలకిందులు: పొద్దున నిద్రపోయి సాయంత్రం గుడికి వెళ్ళండి.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. కొన్ని రథాలెక్కి లోపల చూడనిస్తారు గానీ ముందు నడిచే నగినాత రథం మీదికి ఆడవాళ్ళని ఎక్కనివ్వరు. తెలిసి వెళ్తే అక్కడ చిన్నబుచ్చుకోకుండా పక్క రథానికి వెళ్ళొచ్చు. తిండి దగ్గర శాకాహారులకి జపాన్ కష్టమే, కూరగాయల పులుసులో కూడా చేపల రసం ఉంటుంది. క్యోటోలో బౌద్ధ మఠాల భోజనం పెట్టే చోట్లున్నాయి, కాస్త ఖరీదు.

జూలైకి కుదరకపోతే ఆగస్టు. 13 నుంచి 16 దాకా ఒబోన్, చనిపోయిన పెద్దలు ఇంటికొస్తారని నమ్మే రోజులు. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఆకలితో ఉన్న తల్లిని విడిపించుకున్న కథ దీనికి మూలం. మన మహాలయ పక్షాలు తెలిసినవాళ్ళకి వివరించక్కర్లేదు. ఇదీ ఇంటి పండగే. రైళ్ళు కిటకిటలాడతాయి, ఊళ్ళకి పోయేవాళ్ళతో. బయటివాళ్ళకి మాత్రం షికోకు దీవిలో తొకుషిమా నగరం ఉంది, 12 నుంచి 15 దాకా వీధి నాట్యాల పండగ. అక్కడ ఆడేవాళ్ళూ వెర్రివాళ్ళే, చూసేవాళ్ళూ వెర్రివాళ్ళే, ఎటూ వెర్రివాళ్ళమే కదా ఆడకపోతే నష్టం అని పాడుకుంటూ వీధుల వెంట చిందేస్తారు. ఏ బృందంలోనూ లేనివాళ్ళ కోసం అప్పటికప్పుడు కలుపుకునే గుంపు ఒకటి పెడతారు. చేతులు పైకెత్తి, కుడి కాలు కుడి చెయ్యి కలిపి ముందుకెయ్యడమే, పది నిమిషాల్లో వచ్చేస్తుంది. కుర్రాళ్ళు నలుగురు కలిసి వెళ్తుంటే స్వీడన్ వద్దు, కుస్కో వద్దు, తొకుషిమా వెళ్ళండి.

మంగోలియా నాదమ్

జూలై 11న మొదలవుతుంది. కుస్తీ, గుర్రప్పందెం, విలువిద్య. రాజధాని ఉలాన్‌బాతర్ స్టేడియంలో ప్రారంభోత్సవానికి టికెట్ దొరకడం కష్టం, దొరికినా అది గ్యాలరీయే. కుస్తీ మాత్రం తీరిగ్గా కూర్చుని చూడ్డానికి బాగుంటుంది. 512 మంది మల్లులు, బరువుల తేడాల్లేవు, బక్కపలచనివాడికి కొండలాంటివాడు ఎదురుపడొచ్చు. ఐదు పట్లు గెలిస్తే డేగ, ఏడు గెలిస్తే ఏనుగు, అన్నీ గెలిస్తే సింహం అని బిరుదులిస్తారు. ఓడినవాడు గెలిచినవాడి చంక కిందుగా దూరి వెళ్తాడు, గెలిచినవాడు చేతులు చాపి గద్దలా ఆడతాడు.

గుర్రప్పందేలు నగరానికి బయట మైదానంలో. పది నుంచి పాతిక కిలోమీటర్ల పరుగు, స్వారీ చేసేది చిన్నపిల్లలు. అది చూసి మనసుకి కష్టంగా అనిపించేవాళ్ళుంటారు, వాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. రెండేళ్ళ గుర్రాల పందెంలో ఆఖరున వచ్చిన దానికి కూడా పాట కడతారు, వచ్చే ఏడాది ముందుంటావులే అని. గెలిచిన గుర్రం చెమట తాకితే అదృష్టమని జనం పరిగెత్తుకొస్తారు. దుమ్ములో పెద్దవాళ్ళు, పిల్లలు అందరూ తోసుకుంటారు. రాజధానిలో కన్నా జిల్లా ఊళ్ళలో జరిగే చిన్న నాదమ్‌లు నయం, తాడూ లేదు, టికెట్టూ లేదు, గీత పక్కనే నిలబడొచ్చు. వాటి తేదీలు ఊరికొకటి, స్థానిక గైడుని పెట్టుకోక తప్పదు. తిండి అంతా మాంసమే. కజ్జికాయ ఆకారంలో వేయించిన హూషూర్ బయట చూసి మోసపోవద్దు, లోపల గొర్రె ఖీమా. శాకాహారులు మంగోలియా పేరు కొట్టేసుకోవచ్చు.

ఇటలీలో సియెన్నా గుర్రప్పందెం జూలై 2, ఆగస్టు 16. పదిహేడు పేటల్లో పదింటికే అవకాశం, చౌక్ చుట్టూ మూడు రౌండ్లు, నిమిషంన్నర లోపు అయిపోతుంది. రౌతు పడిపోయినా గుర్రం ముందొస్తే గెలిచినట్టే. చౌక్ మధ్యలో నిలబడ్డం ఉచితం, కానీ ఒకసారి దారులు మూశాక గంటల తరబడి బయటికి రాలేరు. అదే చోట ఎండ, అక్కడ మరుగుదొడ్డి కూడా ఉండదు. చిన్నపిల్లలతో మాత్రం వెళ్ళొద్దు. పందానికి ముందు ప్రతి పేట తన గుర్రాన్ని తన చర్చిలోకి తీసుకెళ్ళి దీవెనలిప్పిస్తుంది, పేటవాళ్ళలో తెలిసినవాళ్ళుంటే అది చూడండి.

ఏ జాబితాలో కనబడినా వెళ్ళకూడనిది ఒకటుంది. అమెరికా మైదానాల్లో లకోటాలు, మరికొన్ని ఆదివాసీ జాతులు వేసవిలో చేసే సూర్యనాట్యం. అమెరికా ప్రభుత్వం 1883లో నిషేధించింది, మతస్వేచ్ఛ చట్టం 1978లో గాని రాలేదు. అది ఉపవాసంతో, మొక్కుతో చేసే పూజ. ఫొటోలు తియ్యకూడదు, పిలవకుండా పోకూడదు. డబ్బిస్తే చూపిస్తామనేవాడు దొరికితే వాడి మాట నమ్మొద్దు. ఎండాకాలం సౌత్ డకోటా వెళ్ళే మనవాళ్ళు రష్‌మోర్ కొండ చూసి, పక్కనే పౌవౌ అనే బహిరంగ నాట్యోత్సవాలు జరుగుతుంటే వాటికి వెళ్ళొచ్చు, అవి అందరికీ.

వీసా దొరకలేదా, ఖర్చు పెట్టాలని లేదా? ఆషాఢంలో హైదరాబాదు వెళ్ళండి. గోల్కొండలో మొదలై, లష్కర్, తర్వాత లాల్‌దర్వాజా. లష్కర్ బోనాల మర్నాడు సోమవారం రంగం, పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాట చెప్పే ఘట్టం. అమెరికా నుంచి వేసవి సెలవులకొచ్చే పిల్లల్లో ఎక్కువమంది జూలైలో ఇక్కడే ఉంటారు, చాలా ఇళ్ళల్లో వాళ్ళని మాల్స్ తిప్పి పంపేస్తారు.

ఇక బుకింగుల సంగతి. స్వీడన్, లాట్వియా, ఇటలీలకి షెంజెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. జూన్ ప్రయాణానికి అపాయింట్‌మెంట్లు చలికాలంలోనే చూసుకోండి, వేసవి దగ్గరపడితే స్లాట్లు దొరకవు. క్యోటోలో 16, 17 తేదీల గదులు కొన్ని నెలల ముందే అయిపోతాయి, ఒసాకాలో దిగి రైల్లో వచ్చిపోతే సగం ఖర్చు కలిసొస్తుంది. స్వీడన్‌లో శుక్రవారానికి తిండి సామాను గురువారం మధ్యాహ్నానికే కొనిపెట్టుకోండి.